కౌబాయ్ మూకీల కోసం అంత వేట ఎందుకు?

ప్రశ్న: మూకీల కాలం నాటి కౌబాయ్ సినిమా రీళ్ల కోసం అమెరికాలో పాత సినిమాలు సేకరించేవాళ్లు ఎందుకంత వెతుకుతారండీ?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: దొరకవు కాబట్టేనండీ! అప్పటి 35 ఎంఎం ఫిల్మ్ నైట్రేట్‌ది, ఇట్టే అంటుకుంటుంది. 1937లో న్యూజెర్సీలోని లిటిల్ ఫెర్రీలో ఫాక్స్ ఫిల్మ్ గోడౌన్ తగలబడి కౌబాయ్ హీరో టామ్ మిక్స్ సినిమాలు చాలావరకు బూడిదయ్యాయి. గుర్రం మీద ఆయన దూకుడు చూసినప్పుడల్లా ఆ నష్టం తలుచుకుని నాకు మనసు కలుక్కుమంటుంది.

అయితే 1923లో అంత తేలిగ్గా అంటుకోని 16 ఎంఎం సేఫ్టీ ఫిల్మ్ వచ్చాక, ఇళ్లలో వేసుకోవడానికి కొన్ని సినిమాలను కుదించి అద్దెకిచ్చేవారు. అసలు ప్రింటు పోయినా అలాంటి ముక్క ఏ అటక మీదో ఉండొచ్చు. సేకరించేవాళ్ల ఆశంతా అదే. జాన్ ఫోర్డ్ 1917లో తీసిన ‘స్ట్రెయిట్ షూటింగ్’ ఎక్కడో చెకోస్లొవేకియా ఆర్కైవ్‌లో బయటపడింది మరి!

మీరు మాత్రం విలియం ఎస్. హార్ట్ నటించిన ‘టంబుల్‌వీడ్స్’ (1925)తో మొదలుపెట్టండి. భూముల కోసం బళ్లూ గుర్రాలూ పరుగెత్తే ఘట్టం తప్పక చూడండి.