అటక మీది కామిక్స్‌కి చోటెక్కడ?

ప్రశ్న: నాన్నగారు దాచిన ఇంద్రజాల్ కామిక్స్, అమర్ చిత్ర కథలు ఆరువందల దాకా ఉన్నాయి. అటక మీద అట్టపెట్టెల్లో మగ్గుతున్నాయి. వీటికోసం కొత్త బీరువా కొనాలా?
- ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: ముందు వాటిని అటక దించండమ్మా. ఎండాకాలం ఆ వేడికి కాగితం అప్పడంలా పెళుసెక్కుతుంది. నావి ఒకప్పుడు రేకుపెట్టెలో పెట్టాను. వానలు తగ్గాక తీస్తే పిన్నులు తుప్పుపట్టి, నడిమి పేజీలు చేతికొచ్చాయి. పెట్టెను బయటి గోడకు ఆనించడమే నా తప్పు, చెమ్మంతా దానికే ఎక్కింది.

కొత్త బీరువా ఎందుకు? పాతదాన్నే గోడకు జానెడు దూరంగా జరపండి. పుస్తకాలు దొంతరగా పేర్చకండి, అడుగువి నలిగిపోతాయి. ఒక్కోదాన్ని పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ కవర్లో, వెనక గట్టి అట్టతో నిలబెట్టండి. పీవీసీ కవర్లు వద్దు, కొన్నాళ్లకు ముఖచిత్రానికి అంటుకుపోతాయి. పాత న్యూస్‌పేపర్ చుట్టినా పసుపు మరక దిగుతుంది. చిరిగినచోట సెల్లోటేప్ జోలికి మాత్రం అస్సలు పోకండి!

ఆరువందలకూ కవర్లంటే ఖర్చే. నాన్నగారు పేరు రాసుకున్నవాటికి ముందు వేయండి. వాన లేని రోజు చూసి, నెలకోసారి బీరువా తలుపులు కాసేపు తీసి ఉంచండి.