కిలో బాదంలో ఎన్ని గింజలు?

సందేహం: అన్నా, బెంగళూరు వచ్చి మూడు నెలలైంది. మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నాను. బాదం తిన్నావా అని అమ్మ రోజూ ఫోన్లో అడుగుతోంది. తింటున్నాను గానీ నెలకి రెండు వేలవుతోంది. మామ్రా బాదమే మంచిదంటున్నారు, నిజమేనా? నానబెట్టే తినాలా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ రెండు వేల సంగతి చూద్దాం. కొత్తగా వచ్చిన మనవాళ్ళ జీతానికి చిల్లు పడేది అద్దె దగ్గర కాదు, ఇలాంటి వాటి దగ్గరే. బాదం గింజ సుమారు 1.2 గ్రాములుంటుంది. అంటే కిలోకి ఎనిమిది వందల పైచిలుకు గింజలు. కిలో 800 రూపాయలనుకో, గింజ రూపాయి. రోజుకి 20 తిన్నా నెలకి 600 దాటదు. మిగతా 1,400 ఎటు పోయాయి? మామ్రాకైనా పోయుండాలి, అర్ధరాత్రి యాప్‌లో తెప్పించే చిన్న ప్యాకెట్లకైనా పోయుండాలి, లేదా డబ్బా పక్కన పెట్టుకుని పని చేస్తూ లెక్కలేకుండా తినేస్తూ ఉండాలి. మొదటి ఏడాది మనవాళ్ళందరూ ఈ మూడూ చేస్తారు.

మామ్రా ఎక్కువగా ఇరాన్, అఫ్గానిస్తాన్ నుంచి వస్తుంది. గింజ వంకరగా, ముడతలుగా ఉంటుంది. నూనె శాతం ఎక్కువ కాబట్టి రుచి బాగుంటుంది, కాదనను. ధర మాత్రం మామూలు కాలిఫోర్నియా బాదానికి రెండు మూడు రెట్లు. ఒంటికి జరిగే మేలులో అంత తేడా లేదు. పండక్కి పావు కిలో కొనుక్కో, రోజువారీకి వద్దు.

20 గింజల్లో సుమారు 140 కేలరీలు, 5 గ్రాముల ప్రోటీన్, 3 గ్రాముల పీచు ఉంటాయి. విటమిన్ ఇ 6 మిల్లీగ్రాములు, అంటే రోజుకి కావలసిన దాంట్లో ఐదింట రెండు వంతులు. బాదం అసలు బలం ఇదే. ఉన్న కొవ్వులో ఎక్కువ భాగం గుండెకి మంచిదే. సాయంత్రం బజ్జీలు, చిప్స్ మానేసి వాటి బదులు తింటే చెడు కొలెస్ట్రాల్ కొద్దిగా తగ్గుతుంది, ఆకలీ ఆగుతుంది. 'బదులు' అన్న మాట గట్టిగా పట్టుకో. బజ్జీలూ తిని పైన బాదమూ తింటే రోజుకి 140 కేలరీలు అదనంగా చేరినట్టే.

జ్ఞాపకశక్తి పెరుగుతుందని అమ్మలు నమ్ముతారు. దానికి గట్టి రుజువు లేదు, అయినా అమ్మతో వాదించకు. ఒమేగా-3 అనే మంచి కొవ్వు కోసం, కాల్షియం కోసం మాత్రం బాదం కొనకు. మొదటిది ఇందులో లేనట్టే. కాల్షియం 20 గింజల్లో 65 మిల్లీగ్రాములే. గ్లాసు పాలలో దానికి మూడింతల పైనే ఉంటుంది. ఈ ఊళ్ళో అడుగడుగునా దొరికే రాగిముద్దలో ఇంకా ఎక్కువ. మన సంగటే కదా, మొహమాటం దేనికి? ప్రోటీన్ కోసమైతే వేరుశనగలు. వంద గ్రాములకి 25 గ్రాములిస్తాయి, బాదం ఇచ్చేది 21. ధర చూస్తే దాదాపు ఐదో వంతు. ఇక్కడ కడలేకాయి అని అడగాలి. కార్తీకంలో బసవనగుడిలో పరిషె, అంటే వేరుశనగల జాతర, జరిగేటప్పుడు కొత్త పంట గుట్టలుగా పోస్తారు, అప్పుడు కొనుక్కో.

నానబెట్టడం తప్పనిసరి కాదు. నానితే నమలడం తేలిక, కొందరికి అరగడమూ తేలిక, అంతవరకే. తొక్క తీసేస్తే పీచూ, తొక్కలోని మంచి పదార్థాలూ చెత్తబుట్టలోకి పోతాయి. డబ్బు పెట్టి కొన్నది పారేయడం ఎందుకు? నానబెట్టాలనుకుంటే ఒక పూటకి సరిపడా మాత్రమే కడిగి, గింజలకి రెండింతలు నీళ్ళు పోసి ఎనిమిది గంటలు ఉంచు. నీళ్ళు లేత గోధుమరంగుకి మారతాయి, అది తొక్క రంగే. ఆ నీళ్ళు పారబోసి మళ్ళీ కడిగి తిను. వారానికి సరిపడా ఒకేసారి నానబెడితే మూడో రోజుకి జిగురొచ్చి పులుస్తాయి. చెన్నై వేడికి ఒక్క రాత్రి బయట ఉంచినా కష్టమే, అక్కడ ఫ్రిజ్‌లోనే నానాలి.

కొనేది పావు కిలో, అర కిలో చాలు. శివాజీనగర్ రసెల్ మార్కెట్లో, చెన్నైలో అయితే షావుకారుపేటలో విడిగా దొరుకుతాయి. ఒక గింజ అడిగి నిలువునా విరిచి చూడు. లోపల పాలమీగడ రంగులో గట్టిగా ఉంటే తాజాది. పసుపు తిరిగి, అద్దంలా నిగనిగలాడుతూ పాత నూనె వాసనొస్తే ఎంత తగ్గించి ఇచ్చినా వద్దు. తెల్లకాగితం మీద రుద్దితే ఎర్రగా అంటుకుంటే రంగేశారని అనుమానించు. ప్యాకెట్ అయితే తేదీ, లైసెన్సు చూసుకోవడం నీకు తెలిసిందే. బాదం పాల పొడి కొంటే పదార్థాల వరుస చదువు, ఎక్కువ ఉన్నదే ముందు రాస్తారు. చాలావాటిలో మొదటి పేరు చక్కెరదే. చెన్నైలో చల్లటి పానీయాల్లో వేసే బాదం పిసిన్ అనేది చెట్టు బంక, అందులో బాదం పోషకాలుండవు.

ఇంటికి తెచ్చాక గాలి చొరని డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు. వానాకాలం తేమకి బయట ఉంచితే ముందు మెత్తబడతాయి, తర్వాత చెడతాయి.

తింటుంటే ఒక గింజ విపరీతమైన చేదు తగిలితే మింగకుండా ఉమ్మెయ్. చేదు బాదం నుంచి సైనైడ్ పుడుతుంది. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవాళ్ళు డాక్టర్నడిగే తినాలి, ఇందులో రాళ్ళకి కారణమయ్యే ఆక్సలేట్ ఎక్కువ. అక్క పిల్లలు చిన్నవాళ్ళయితే గింజలు చేతికివ్వకు, గొంతుకి అడ్డం పడతాయి, పొడి చేసి పాలలో కలుపు. అమ్మకి చెప్పు, రోజూ 20 లెక్కపెట్టుకుని తింటున్నానని.