పటానికి ముందు పట్టిక

ప్రశ్న: నేను ఎం.ఏ. చరిత్ర విద్యార్థినిని. కాకతీయుల కాలపు చెరువులపై పరిశోధన వ్యాసం రాస్తున్నాను. గూగుల్ మై మ్యాప్స్‌లో చెరువులను గుర్తించి చూపితే, అది చాలదని మా పర్యవేక్షకులు అన్నారు. పటాలు గీసి విశ్లేషించే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోక తప్పదా? సొంత ప్రయాణాలకూ అదే వాడుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: ప్రయాణాలకు మై మ్యాప్స్ చాలునమ్మా. చూడదలచిన చోట్లను గుర్తించి లింకు పంపితే ఇంట్లో అందరూ ఫోనులోనే చూసుకుంటారు. పరిశోధన సంగతి వేరు. రామప్ప, పాకాల, లక్నవరం చెరువులు ఎక్కడున్నాయో చూపడంతో సరిపోదు. ఏ వాగుకు అడ్డంగా కట్ట వేశారో, నీరు ఏ ఊళ్లకు పారిందో, శాసనాలు దొరికిన చోట్లు వాటికి ఎంత దూరమో పరిశీలించాలంటే ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ నేర్చుకోవడమే మేలు.

అయితే దాన్ని తెరిచే ముందే పట్టిక తయారు చేసుకోండి. ఒక్కో చెరువుకు ఒక్కో వరుస కేటాయించి పేరు, ఊరు, అక్షాంశం, రేఖాంశం, ఆధారం రాయండి. ఆ స్థానాన్ని స్వయంగా వెళ్లి నమోదు చేశారా, ఉపగ్రహ చిత్రం చూసి అంచనా వేశారా అన్నది మరో గడిలో తప్పక రాయాలి. పటం మీద రూఢి అయిన చుక్కా, ఊహించిన చుక్కా ఒకేలా కనిపిస్తాయి కాబట్టి, నా దృష్టిలో ఈ గడే అన్నిటికన్నా ముఖ్యం. అలాగే రామప్ప గుడి శాసనం 1213 నాటిది కదా అని చెరువుకూ అదే సంవత్సరం వేయకండి. ఆ శాసనం చెరువు గురించి ఏం చెబుతోందో చదివాకే వేయండి.

పట్టికను సీఎస్‌వీ (గడులను కామాలతో వేరుచేసే సాదా ఫైలు)గా, అన్ని భాషల అక్షరాలనూ నిలిపే యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరిస్తే తెలుగు పేర్లు చెదరవు. క్యూజీఐఎస్‌లోకి తెచ్చేటప్పుడు ఎక్స్ గడికి రేఖాంశాన్ని, వై గడికి అక్షాంశాన్ని ఇవ్వాలి. రామప్ప గుడి సుమారు 18.26 ఉత్తర అక్షాంశం, 79.94 తూర్పు రేఖాంశం వద్ద ఉంది. ఈ రెండూ తారుమారైతే చుక్క ఉత్తర ధ్రువ ప్రాంతంలో, నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో పడుతుంది. ఇంత పెద్ద తప్పు వెంటనే కంటపడుతుంది కానీ, దశాంశ స్థానంలో ఒక అంకె మారితే చెరువు పక్క ఊరికి జరిగినా ఎవరూ గమనించరు. అందుకే ప్రతి చుక్కనూ ఉపగ్రహ చిత్రంతో పోల్చి చూడండి.

పాత పటాన్ని స్కాన్ చేసి నేటి పటానికి జోడించదలిస్తే గుళ్లు, రైలు వంతెనల వంటి మారని గుర్తులను నాలుగు మూలలా ఎంచుకోండి. చెరువు అంచును మాత్రం ఎంచుకోకండి. అది నీటిమట్టంతో పాటు మారుతుంది. విస్తీర్ణం కొలిచే ముందు ఆ పొరను (పటం మీద ఒక్కో రకం సమాచారం ఉండే అర) డిగ్రీలకు బదులు మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలోని 44 ఉత్తర మండలంలోకి మార్చండి. అందరూ కలిసి తయారుచేసే ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సమాచారం వాడితే ఆ పేరు పటం కింద పేర్కొనాలి.

క్యూజీఐఎస్ ప్రాజెక్టు ఫైలులో సాధారణంగా మీ సమాచారం ఉండదు, అది ఎక్కడుందో చూపే దారి మాత్రమే ఉంటుంది. కాబట్టి మీ పర్యవేక్షకులకు పంపేటప్పుడు పట్టికలు, పొరలు, స్కాన్లు అన్నీ ఉన్న ఫోల్డరునే పంపండి.