లెక్కలతోనే బతుకు గడుస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి కాకినాడలో ఫిజిక్స్‌తో బీఎస్సీ చదువుతోంది. కండెన్స్‌డ్ మ్యాటర్ థియరీలో పరిశోధన చేస్తానని పట్టుబడుతోంది. ప్రయోగశాల ముఖం చూడకుండా లెక్కలు వేసుకునే పనికి గుర్తింపు, జీతం ఉంటాయా?
– ఒక తండ్రి, అమలాపురం

జవాబు: ఉంటాయి, కాకపోతే రెండూ ఆలస్యంగా వస్తాయి. ఘన, ద్రవ పదార్థాల గుణాలను లెక్కలతో వివరించే ఈ రంగంలో అగ్రగణ్యుడైన ఫిలిప్ ఆండర్సన్ 1923లో అమెరికాలో పుట్టి, హార్వర్డ్‌లో వాన్ వ్లెక్ వద్ద డాక్టరేట్ పూర్తిచేసి, 1949లో బెల్ ప్రయోగశాలల్లో చేరారు. ప్రయోగశాల ముఖం చూడరన్న మీ మాట ఆయన విషయంలో నిలవదు. ఫాస్ఫరస్ కలిపిన సిలికాన్‌పై అక్కడే జార్జ్ ఫెహెర్ చేసిన ప్రయోగాల్లో కనబడిన వింతే ఆండర్సన్ 1958 నాటి వ్యాసానికి ప్రేరణ.

మలినాలు పెరిగితే ఎలక్ట్రాన్ దారిపొడవునా ఢీకొంటూ నెమ్మదిస్తుందే తప్ప పూర్తిగా ఆగిపోదని అంతవరకు భావించేవారు. ఎలక్ట్రాన్‌కు అల స్వభావం ఉన్నందున, మీ ప్రాంతపు రొయ్యల చెరువులో అడ్డదిడ్డంగా పాతిన గుంజలకు తగిలిన అలల మాదిరిగా అదీ చెదురుతుందని, చెదిరిన అలలు దూరాన ఒకదానినొకటి రద్దుచేసుకోగా ఎలక్ట్రాన్ ఒకేచోట చిక్కుబడగలదని ఆయన చూపారు. అంటే మలినాలు తెచ్చే క్రమరాహిత్యం ఒక హద్దు దాటితే వాహకం బంధకమైపోతుంది. దీనిని తొలుత నమ్మినవారు బహు కొద్దిమందని నోబెల్ ప్రసంగంలో ఆయనే చెప్పుకున్నారు. గురువు వాన్ వ్లెక్, నెవిల్ మాట్‌లతో కలిసి ఆ బహుమతి అందుకున్నది 1977లో.

ఇందులో మనవారి వాటా కూడా ఉంది. పలుచని రెండు కొలతల పొరలో, ఎలక్ట్రాన్ల పరస్పర ప్రభావాన్ని పక్కనపెడితే, కొద్దిపాటి క్రమరాహిత్యమైనా వాటిని బంధిస్తుందని వాదించిన 1979 నాటి వ్యాసకర్తలు నలుగురిలో ఆండర్సన్‌తో పాటు టి.వి. రామకృష్ణన్ ఒకరు. ఆయన తరువాత బెంగళూరు ఐఐఎస్‌సీలో చాలాకాలం బోధించారు.

ఇక మీ ఇంటి లెక్క. డిగ్రీ చివరి సంవత్సరంలోనే జామ్ పరీక్ష రాయవచ్చు. దాని ద్వారా ఐఐటీల్లో ఎమ్మెస్సీ, ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ సీట్లు దొరుకుతాయి. పరిశోధనలో చేరాక జేఆర్‌ఎఫ్ (జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 నుంచి అమలైన రేటు ప్రకారం నెలకు 37,000 రూపాయలు అందుతాయి కాబట్టి ఆ తరువాత మీపై భారం ఉండదు. అయితే శాశ్వత అధ్యాపక పదవులు తక్కువ. పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ తరువాతి తాత్కాలిక పరిశోధన కొలువులు, ముగిసేసరికి ముప్పై దాటడం మామూలే. ఈలోగా ఆమెను లీనియర్ ఆల్జీబ్రా, క్వాంటం మెకానిక్స్, కొంత ప్రోగ్రామింగ్ గట్టిగా నేర్చుకోమనండి. ఈ దారి కుదరకపోయినా, ముఖ్యంగా ఆ చివరిది, వేరే ఉద్యోగాలకూ పనికొస్తుంది.