కప్పు మీది ఏసీ నీళ్లు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మోటర్‌హోమ్ కప్పు మీది ఏసీ రెండు గంటలు నడిస్తే చాలు, లోపల సీలింగ్ గ్రిల్ అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. యూనిట్ చుట్టూ సీలెంట్ పూస్తే ఆగుతాయా?

జవాబు: సీలెంట్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. ఏసీ ఆపి ఉన్నప్పుడు, వానకు కారితే తప్పు గ్యాస్కెట్‌ది, అంటే యూనిట్‌కూ కప్పుకూ మధ్య ఉండే ఫోమ్ పట్టీది. పొడి రోజున, ఏసీ నడిచినప్పుడే కారితే అది కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల చుట్ట) మీద చేరిన చెమ్మ. మీరు రాసిన దాన్నిబట్టి రెండోదే అనిపిస్తోంది. అలాంటప్పుడు చుట్టూ సీలెంట్ పూస్తే నీళ్లు బయటికి పోయే దారే మూసుకుపోతుంది.

బయటి కరెంటు, జనరేటర్, ఇన్వర్టర్ మూడూ ఆపి పైకెక్కండి. ప్లాస్టిక్ మూత స్క్రూలు విప్పండి. కరెంటు నిల్వ ఉంచుకునే కెపాసిటర్ అనే భాగంలో, అన్నీ ఆపినా, కరెంటు నిలిచి ఉంటుంది, దాని టెర్మినళ్లను ముట్టుకోవద్దు. కాయిల్ కింది ట్రే మూలల్లో చిన్న రంధ్రాలుంటాయి. ఎండుటాకులు, దుమ్ము, కందిరీగలు పెట్టిన మట్టిగూళ్లు అడ్డుపడేది అక్కడే. ప్లాస్టిక్ కేబుల్ టైతో పొడిచి శుభ్రం చేయండి. ఇనుప కమ్మీతో పొడిస్తే పూత లేచిపోయి తుప్పు పడుతుంది. తర్వాత లీటరు నీళ్లు ట్రేలో మెల్లగా పోసి చూడండి. అవి నిలవకుండా బయటికి జారిపోవాలి. జారకపోతే ఇంకా ఎక్కడో అడ్డముంది.

నీళ్లు సాఫీగా పోతున్నా లోపల కారుతోందా? గ్రిల్ ఊడదీసి, చల్లగాలి వచ్చే దారికీ తిరుగుగాలి పోయే దారికీ మధ్య ఉన్న అడ్డుపలకను చూడండి. అక్కడ వేలు దూరేంత సందు చాలు, చల్లగాలి గదిలోకి రాకుండానే మళ్లీ కాయిల్‌లోకి పోతుంది. కాయిల్ మీద మంచు కడుతుంది. ఏసీ ఆగగానే ఆ మంచంతా ఒక్కసారిగా కరిగి, ట్రే పట్టలేనంత నీరవుతుంది. సందును అల్యూమినియం ఫాయిల్ టేపుతో మూయండి. మామూలు గుడ్డ టేపు చెమ్మకు ఊడిపోతుంది. ఫిల్టర్ మూసుకుపోయినా ఇదే తంతు, రోజూ వాడేటప్పుడు రెండు వారాలకోసారి కడగాలి. ఇప్పటికే మంచు కట్టి ఉంటే కంప్రెసర్ ఆపి, అది కరిగేదాకా ఫ్యాన్ ఒక్కటే నడపండి.

ప్రశ్న: పక్క గోడ మీద నల్లటి చారలు పడుతున్నాయి. అసలు ఎన్ని నీళ్లు వస్తాయి? పైపు వేసుకోవచ్చా?

జవాబు: 13,500 బీటీయూ (చల్లబరిచే శక్తికి కొలత) యూనిట్ గంటకు చల్లబరిచే శక్తి సుమారు 4 కిలోవాట్లకు సమానం. ఉక్కపోత ఎక్కువగా ఉన్నప్పుడు అందులో పావువంతు చెమ్మను నీరు చేయడానికే పోతుందనుకుంటే, గంటకు లీటరున్నర వస్తుంది. రాత్రి 8 గంటలు నడిస్తే బకెట్ నిండుతుంది! నల్లదనం ఏసీ నీటిది కాదు, దారిలో కప్పు మీది దుమ్మును కడుక్కొచ్చినందువల్ల వచ్చేది.

పైపుకన్నా ముందు, చూరు కాలువ చివర్లకు 7, 8 సెంటీమీటర్లు బయటికి పొడుచుకొచ్చే మూతులు తగిలించండి. నీళ్లు గోడకు తగలకుండా పడతాయి. బండిని కూడా తలుపుకు ఎదుటి వైపు కొద్దిగా వాలేలా నిలపండి, రసమట్టం పెట్టి చూస్తే తెలుస్తుంది. చాలామందికి ఇంతకు మించి అక్కర్లేదు.

పైపే కావాలంటే మీ యూనిట్‌కు తయారీదారు ఇచ్చే డ్రెయిన్ కిట్ తీసుకోండి. మీటరుకు 2 సెంటీమీటర్ల వాలు తగ్గకూడదు. కాయిల్ ట్రే బ్లోయర్ పీల్చే వైపున ఉంటే, ఫ్యాన్ తిరుగుతున్నంతసేపూ గాలి పైపులోంచి పైకి లాగబడి నీటిని ఆపేస్తుంది. ఫ్యాన్ ఆగగానే గుభాలున దిగుతుంది. కింది చివర 5 సెంటీమీటర్ల లోతున యూ-వంపు పెడితే, అందులో నిలిచే నీరు గాలిని అడ్డుకుంటుంది, ఈ బెడద పోతుంది. గడ్డకట్టే చలి వచ్చేముందు వంపులోని నీరు తీసేయండి. మురుగు ట్యాంకులోకి నేరుగా మాత్రం కలపకండి, వాసన మీ చల్లగాలితో లోపలికి వస్తుంది.

ప్రశ్న: గ్యాస్కెట్ మార్చాం. బోల్టులు ఎంత బిగించాలి?

జవాబు: మాన్యువల్‌లో టార్క్ (బిగింపు బలం) అంకె ఉంటే అదే. లేకపోతే, కొత్త గ్యాస్కెట్ దాని మందంలో సగానికి అణిగేదాకా. అంగుళం మందముంటే అర అంగుళానికి రావాలి. ఒకే బోల్టును చివరిదాకా తిప్పేయకుండా, ఎదురెదురుగా ఉన్నవాటిని కొంచెం కొంచెంగా బిగించండి. అతిగా బిగిస్తే కప్పు గుంటపడి, యూనిట్ చుట్టూ నీళ్లు నిలుస్తాయి. గ్యాస్కెట్‌కు జిగురు గానీ సీలెంట్ గానీ రాయకండి. యూనిట్‌ను నెల తర్వాత ఒకసారి, ఆపైన ఏటా ఒకసారి తనిఖీ చేయండి, ఫోమ్ అణిగే కొద్దీ బోల్టులు వదులవుతాయి.