రూ.9 లక్షల యాంప్లిఫైయర్ గుయ్యిమంటోంది, డీలర్ వెనక్కి తీసుకోనంటున్నాడు

ప్రశ్న: మాది హైదరాబాద్, కూకట్‌పల్లి. ఐదు నెలల కిందట బెంగళూరు డీలర్ దగ్గర విదేశీ స్టీరియో పవర్ యాంప్లిఫైయర్ రూ.9.40 లక్షలకు కొన్నాను. బరువు 45 కిలోలు, చానల్‌కు 300 వాట్లు. మొదటి రోజు నుంచీ స్విచ్ వేయగానే ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతట అదే ఆపేసే స్విచ్) పడిపోతోంది. పడనప్పుడు పాట పెట్టకపోయినా లోపలి ట్రాన్స్‌ఫార్మర్ గుయ్యిమంటోంది. సోఫా దాకా వినిపిస్తుంది. లోపం మా ఇంటి కరెంటుదేనని డీలర్ వాదన. బిల్లు మీద ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’, ‘వివాదాలు బెంగళూరు కోర్టుల పరిధిలోనే’ అని అచ్చు వేసి ఉంది. ఇది చాలదన్నట్టు కింది ఫ్లాట్‌వాళ్లు మా సౌండ్ గురించి అసోసియేషన్‌కు ఫిర్యాదు చేశారు. నా డబ్బు వెనక్కి వస్తుందా?

జవాబు: బిల్లు మీది ఆ రెండు వాక్యాలకు భయపడకండి. లోపమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులోగా, గడువేమీ చెప్పకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వకపోవడం వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 2(47) కింద అనుచిత వ్యాపార పద్ధతి. ఇక పరిధి అంటారా, సెక్షన్ 34 ప్రకారం మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు. బెంగళూరు తిరగక్కర్లేదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. లోపం యాంప్లిఫైయర్‌లోనే ఉందని చూపించాల్సిన భారం మీది. ‘కరెంటు బాగోలేదు’ అన్న డీలర్ మాటకు మీ దగ్గర కాగితం మీద జవాబు లేకపోతే కేసు అక్కడే బలహీనపడుతుంది. నోటీసు ఇచ్చే ముందే ఆ జవాబు తయారు చేసుకోండి.

ముందు ఎంసీబీ మీద అక్షరం చూడండి. బి16 (బి టైపు, 16 ఆంపియర్లు) అని ఉంటే అది 48 నుంచి 80 ఆంపియర్ల మధ్య తక్షణం పడిపోతుంది. సి16 అయితే 80 నుంచి 160 మధ్య. గారె ఆకారపు పెద్ద టొరాయిడ్ ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ వేసిన ఆ రెప్పపాటులో వంద ఆంపియర్లు దాటి లాగగలదు. అందుకే పెద్ద యాంప్లిఫైయర్లలో సాఫ్ట్ స్టార్ట్ పెడతారు: కరెంటు మొదట ఒక రెసిస్టర్ గుండా వెళుతుంది, కాసేపటికి రిలే (దానంతట అదే పనిచేసే స్విచ్) దాన్ని దాటవేస్తుంది. ఆ రిలే కాంటాక్టులు అతుక్కుపోయాయంటే సాఫ్ట్ స్టార్ట్ ఉన్నా లేనట్టే. మాన్యువల్‌లో సాఫ్ట్ స్టార్ట్ ఉందని రాసి ఉండి, వేరే లోడు లేని సి16 లైన్ మీద కూడా పదేపదే ట్రిప్ అవుతుంటే వేలు యాంప్లిఫైయర్ వైపే చూపిస్తుంది. విడిగా 20 ఆంపియర్ల లైన్ కావాలని మాన్యువల్ చెబుతుంటే, మీరు టీవీ, ఏసీ ఉన్న లైన్‌కే తగిలించి ఉంటే మాత్రం వాదన డీలర్‌దే నిలుస్తుంది. లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో లైన్, వైరు మందం, ఎర్తింగ్, వోల్టేజి చూపించి సంతకంతో రిపోర్టు తీసుకోండి. ట్రిప్ కావడం లేదు కదా అని ఇంకా ఎక్కువ కరెంటుకు గానీ పడని డి టైపు ఎంసీబీ వేయించి ఊరుకోవద్దు. మీ సాక్ష్యాన్ని మీరే చెరిపేసుకున్నట్టు అవుతుంది.

మోత సంగతికి వస్తే, ఇంటికొచ్చే ఏసీ కరెంటులో కాస్త డీసీ (ఒకే దిశలో పారే కరెంటు) కలిసినా టొరాయిడ్ గుయ్యిమంటుంది. సగం వేడిలో నడిచే కొన్ని హెయిర్ డ్రయ్యర్లు కూడా ఈ పని చేస్తాయి. కాబట్టి యాంప్లిఫైయర్‌ను వేరే వీధిలో, వేరే ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న ఇంటికి తీసుకెళ్లి, స్పీకర్లు తగిలించకుండా ఆన్ చేసి వీడియో తీయండి. అక్కడా అదే మోత వస్తే డీలర్ ‘మీ ఇంటి కరెంటు’ వాదన సగం పడిపోయినట్టే. అక్కడ నిశ్శబ్దంగా ఉంటే, నిజం చెప్పాలంటే, కేసు కంటే ఆ డీసీని ఆపే డీసీ బ్లాకర్ చవక.

తర్వాత వెనక ప్యానెల్ మీద పవర్ సాకెట్ పక్కనున్న ప్లేటును దగ్గరగా ఫొటో తీయండి. అందులో రెండు సంగతులు చూడాలి.

మొదటిది, ‘230 వోల్టులు, 50 హెర్ట్జ్’ అని ఉందా? ‘120 వోల్టులు, 60 హెర్ట్జ్’ అని ఉండి, డీలర్ స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చి ఉంటే, వోల్టేజి దిగుతుంది గానీ ఫ్రీక్వెన్సీ మన 50లోనే ఉంటుంది. దాంతో యాంప్లిఫైయర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇనుప కోర్‌లో అయస్కాంత ఫ్లక్స్ 20 శాతం పెరిగి మోత, వేడి వస్తాయి. మన దేశానికి పనికిరాని సరుకును ఇక్కడ అంటగట్టాడని చెప్పడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం దొరకదు.

రెండోది, ఇన్‌పుట్ పవర్ ఎన్ని వాట్లని రాసి ఉంది? 2000 వాట్లు, ఆపైన అయితే ఎలక్ట్రానిక్స్ సరుకుల తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉత్తర్వు కింద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, ‘ఆర్’తో మొదలయ్యే నంబరు ఉండాలి. నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడొచ్చు. అది లేకుండా అమ్మడాన్ని బీఐఎస్ చట్టం, 2016 సెక్షన్ 17 నిషేధిస్తోంది. ప్లేటు మీద 1400 అనో 1500 అనో ఉంటే ఈ వాదన ఎత్తొద్దు.

మూత మాత్రం విప్పకండి. సీలు తెగితే డీలర్‌కు ఉచితంగా ఒక సాకు దొరుకుతుంది.

ఇవి చేతికొచ్చాక డీలర్‌కూ, ఇంపోర్టర్ వేరే ఉంటే వారికీ 15 రోజుల గడువుతో నోటీసు స్పీడ్ పోస్టులో పంపండి. ‘మొదటి రోజు నుంచీ’ అనే మాటతో సరిపెట్టకుండా తేదీలు, ఫోన్ చేసిన రోజులు, వాట్సాప్ జవాబులు రాయండి. స్పందన లేకపోతే ఫిర్యాదు. కమిషన్ పరిధిని మీరు చెల్లించిన ధరే నిర్ణయిస్తుంది, రూ.50 లక్షల వరకూ జిల్లా కమిషనే. రూ.5 లక్షలు దాటి 10 లక్షల లోపు కాబట్టి ఫీజు రూ.200. గడువు రెండేళ్లు. ప్రతివాదిగా విదేశీ కంపెనీ ఒక్కదాన్నే పెట్టకండి. అక్కడికి నోటీసు వెళ్లేసరికే ఏళ్లు గడుస్తాయి.

ఫిర్యాదుతోపాటే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(2) కింద సరుకును ల్యాబ్ పరీక్షకు పంపమని దరఖాస్తు పెట్టండి. ల్యాబ్ ఫీజు ముందు మీరే కట్టాలి. ఇంత బరువును దూరం పంపితే దారిలో దెబ్బతింటే అదో గొడవ. హైదరాబాద్‌లోని ఈటీడీసీ (కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ పరీక్షల విభాగం ఎస్‌టీక్యూసీ వారి ల్యాబ్) పేరు సూచించండి. అసలు పెట్టె, ఫోమ్ పారేయకండి. పరీక్ష అవసరమైన కేసును 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది. ఆచరణలో ఎక్కువే పడుతుందని లెక్కేసుకోండి.

ఒక్క ప్రమాదం: బిల్లు మీ సంస్థ పేరిట ఉండి జీఎస్టీ క్రెడిట్ తీసుకుని ఉంటే, ‘వాణిజ్య అవసరానికి కొన్నారు, మీరు వినియోగదారు కారు’ అంటారు. ముందే చూసుకోండి.

ఇక కింది ఫ్లాట్. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం ఇళ్ల ప్రాంతంలో పరిమితి పగలు 55, రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకూ 45 డెసిబెల్స్. సొంత సౌండ్ సిస్టమ్ శబ్దం మీ హద్దు దగ్గర దానికంటే 5 మించకూడదు, అంటే పగలు 60, రాత్రి 50. ఈ పరిమితులకు వాడే డీబీ(ఏ), అంటే చెవి వినే తీరుకు సరిచేసిన డెసిబెల్ కొలత, బాస్‌ను బాగా తగ్గించి చూపిస్తుంది; 50 హెర్ట్జ్ దగ్గర 30 డెసిబెల్స్ దాకా. మీటరు తక్కువే చూపించినా కిందివాళ్ల సీలింగ్ దడదడలాడొచ్చు. వాళ్ల ఫిర్యాదును కొట్టిపారేయకండి.

మరో సంగతి, ఈ అసోసియేషన్ లేఖ డీలర్ చేతికి చిక్కితే ‘లోపమే ఉంటే రోజూ అంత సౌండ్‌తో ఎలా వాడారు?’ అని అడుగుతాడు. పరీక్షలు, వీడియోలు పూర్తికాగానే ప్లగ్ తీసేసి, ఆ తేదీని నోటీసులో రాయండి.