గ్లాడియోలస్ ఆకు కొసలు మాడటం: మర్రిగూడ రైతు ప్రశ్నకు సమాధానం

అన్నా, ఆకుల కొసలు మాడుతున్నాయని, కోసిన పూల కాడలు బకెట్లో రెండో రోజుకే అంచులు ఎండి గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో రేటు రావట్లేదని రాశారు. మందు రెండుసార్లు కొట్టినా తగ్గలేదన్నారు. నాకైతే ఇది తెగులులా అనిపించట్లేదు, మీ బోరు నీళ్లలోని ఫ్లోరైడ్ మీదే అనుమానం.

ఒక ఆకు తెంపి వెలుతురులో చూడండి. తెగులైతే మచ్చలు ఆకు మధ్యలో ఎక్కడైనా వస్తాయి. ఫ్లోరైడ్ అయితే కొస నుంచే మొదలై అంచుల వెంబడి కిందికి దిగుతుంది, ఎండిన భాగానికీ పచ్చటి భాగానికీ మధ్య ముదురు గోధుమరంగు గీత కనబడుతుంది. గ్లాడియోలస్‌కు ఫ్లోరైడ్ అసలు పడదు. కోసిన పూలకు లీటరు నీటిలో 1 మిల్లీగ్రాము ఉన్నా దెబ్బే. మర్రిగూడ వైపు బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి మీకు చెప్పక్కర్లేదు; నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే ఒక పద్ధతికే మన నల్గొండ పేరు పెట్టారు!

ముందు నీళ్లు టెస్ట్ చేయించండి. బకెట్లలోకి మాత్రం ఈరోజు నుంచే ఆర్‌ఓ నీళ్లో, పట్టి పెట్టిన వాన నీళ్లో వాడండి. సూపర్ ఫాస్ఫేట్ ఎరువు ఆపేయండి, దాంట్లోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. భూమి చౌడు అయితే జిప్సం వేయండి.

కింది ఒకటి రెండు మొగ్గల్లో రంగు కనబడగానే, మొక్కకు నాలుగాకులు వదిలి కోయండి. లేకపోతే దుంప ఊరదు. కట్టలు నిలబెట్టే పంపండి, పడుకోబెడితే కాడల కొసలు పైకి వంగిపోతాయి.

రిపోర్టులో ఫ్లోరైడ్ బాగా ఎక్కువ వస్తే, వచ్చే సీజన్‌కు చామంతి చూడండి. ఇంతకంటే బాగా తట్టుకుంటుంది.